రొంపిచెర్ల నుంచి చలి లోకానికి

పిల్లలూ! పల్నాటి ఎండ ఎలా ఉంటుందో మీరు ఎరుగుదురా? ఎరగనివారు మే నెలలో ఒకసారి మా రొంపిచెర్లకు రండి. నరసరావుపేటలో బస్సు ఎక్కితే ఎంతోసేపు పట్టదు. దిగీ దిగగానే నేల నుంచి ఒక సెగ, ఆకాశం నుంచి ఒక సెగ తగులుతాయి. మధ్యాహ్నం కుక్క కూడా వీధిలోకి రాదు.

ఊరి పేరు విడదీసి చూడండి. రొంపి అంటే బురద, చెర్ల అంటే చెరువు. పేరులో ఇంత తడి ఉన్నా, ఈ ప్రాంతంవారు చాలాకాలం వాన మబ్బుల కేసి చూచి బతికినవారే. 1967లో నాగార్జునసాగరం కాలువలకు నీరు వదిలిన తరువాత ఈ వైపు పల్లెల రూపు మారింది. నల్లరేగడి నేలలో ఇప్పుడు మిరప, పత్తి, నీరందినచోట వరి పండుతాయి. మాఘమాసం దాటితే కళ్ళాల నిండా మిరపకాయలు ఆరబోసి ఉంటాయి. దూరం నుంచి చూస్తే ఎర్ర తివాచీలు పరచినట్టుంటుంది. దగ్గరికి వెళితే మాత్రం తుమ్ములు ఆగవు!

ఇటువంటి ఊళ్ళో పుట్టి పెరిగిన కుర్రవాడొకడు ఇప్పుడు బెంగుళూరులో, ఎన్నడూ ఎరగనంత చలిని పుట్టించే ఒక యంత్రం దగ్గర పనిచేస్తున్నాడు. వాడు నా శిష్యుడు. మొన్న మార్చి నెలాఖరున నేను వెళ్ళి వాణ్ణి చూచి వచ్చాను.

నేను ఊరికే వెళ్ళలేదు. వాళ్ళ నాన్న పంపితే వెళ్ళాను. ఆయన మిరప రైతు. ఒకనాటి సాయంత్రం కళ్ళం దగ్గర నన్ను ఆపి, "మాస్టారు గారూ, మీతో ఒక మాట. పెద్దవాడికి ముప్పై మూడేళ్ళు వచ్చాయి. ఏం చేస్తున్నావురా అంటే క్వాంటం కంప్యూటరు అంటాడు. అయిందా అంటే ఇంకా కాలేదంటాడు. అయిదేళ్ళ నుంచి ఇదే మాట! ఇప్పుడు ఆడపిల్ల కూడా ఇంటరు పరీక్షలు రాసి, ఇంజనీరింగు వద్దు, అన్న చదివిన భౌతికశాస్త్రమే చదువుతానంటున్నది. నాకేమీ పాలుపోవటం లేదు. మీరు ఒకసారి వెళ్ళి చూడండి. చూచింది చూచినట్టు నాతో చెప్పండి. మీరు ఊఁ అంటే ఊఁ అంటాను," అన్నాడు.

ఆయన నా మాట మీద ఇంత భారం పెడతాడనుకోలేదు. ముప్పై అయిదేళ్ళు పాఠాలు చెప్పినవాణ్ణే కాని, నేను చదువుకున్న రోజుల్లో ఈ విద్య పుస్తకాలలో లేదు. తెలియదని చెప్పి తప్పుకోవచ్చు. కాని ఆ అమ్మాయి గుమ్మంలో నిలబడి వింటున్నది.

నరసరావుపేటలో కొండవీడు ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. రాత్రంతా ప్రయాణం. గిద్దలూరు దాటాక నల్లమల అడవి వస్తుంది. పగలైతే చూడముచ్చటగా ఉంటుంది, కాని ఆ దారిలో రాత్రి పోయేవారికి సొరంగాల మోత తప్ప మరేమీ దక్కదు. తెల్లవారి బెంగుళూరులో యశ్వంతపూర్ స్టేషనులో దిగేసరికి శిష్యుడు ఎదురువచ్చాడు. తల అప్పుడే కొంచెం నెరిసింది. నన్ను చూచి బడిపిల్లవాడిలా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ప్రయోగశాల గదిలో అడుగుపెడుతూనే ఒక చప్పుడు వినిపించింది. పిట్ట కూసినట్టు, ఆగకుండా, ఒకే తాళంలో "కిచ్, కిచ్, కిచ్" అని. "అది చలియంత్రం ఊపిరి, మాస్టారూ! అది ఆగితే మా పని ఆగినట్టే," అన్నాడు. ఇనుప చట్రానికి మనిషి ఎత్తున తెల్లని పీపా ఒకటి వేలాడుతున్నది. చెయ్యి పెట్టి చూచాను. చల్లగా లేదు! లోపలి చలిని బయటికి పోనివ్వకుండా, బయటి వేడిని లోపలికి రానివ్వకుండా మధ్య గాలి తీసేశారు. మన ఫ్లాస్కులో చేసినట్టే.

పక్కనే మరొక యంత్రం పీపా విప్పి ఉన్నది. లోపలి నిర్మాణం చూస్తే మన ఇళ్ళలో ఉట్టి గుర్తుకు వచ్చింది. ఉట్టిలో కుండ కింద కుండ వేలాడినట్టు, బంగారు పూత పూసిన గుండ్రని రాగి పళ్ళాలు ఒకదాని కింద ఒకటి వేలాడుతున్నాయి. వాటి మధ్య సన్నని గొట్టాలు, తీగెలు. కిందికి దిగినకొద్దీ చలి పెరుగుతుంది. ఒక పళ్ళెం దగ్గర సున్నాకు దిగువన 269 డిగ్రీలు. ఆ కిందది ఇంకా తక్కువ. అన్నిటికంటె అడుగున ఉన్న పళ్ళెం దగ్గర ఎంతో తెలుసునా? చలికి ఒక హద్దు ఉన్నది. సున్నాకు దిగువన 273.15 సెంటీగ్రేడు డిగ్రీలు దాటి ఎవరూ పోలేరు. దానికి డిగ్రీలో నూరో వంతు దూరంలో ఆ పళ్ళెం ఉంటుంది. నక్షత్రాల మధ్య శూన్యం కూడా ఇంతకంటె రెండు డిగ్రీలకు పైగా వెచ్చన!

"ఇంత చలి ఎలా పుట్టిస్తారు?" అని అడిగాను.

"మన ఇంట్లో మట్టికుండ ఎలా చల్లబడుతుంది, మాస్టారూ?" అని వాడు నన్నే ఎదురు ప్రశ్న వేశాడు.

కుండకు సన్నని రంధ్రాలుంటాయి. నీరు చెమర్చి ఆవిరి అవుతుంది. ఆవిరైపోతూ లోపలి నీటిలోని వేడిని పట్టుకుపోతుంది. ఈ యంత్రం కూడా ఇంచుమించు అదే చేస్తుంది. నీటికి బదులు ఇక్కడ హీలియం. హీలియంలో బరువు తేడాగల రెండు రకాలున్నాయి. తేలిక రకం పరమాణువులు పైపొర నుంచి బరువు రకం ఎక్కువగా ఉన్న కింది పొరలోకి దాటిపోతూ వేడిని పట్టుకుపోతాయి. వాటిని పంపుతో తోడి, మళ్ళీ మొదటికి తెస్తారు. అలా తిప్పినకొద్దీ చల్లబడుతుంది. కుండలో నీరు మాత్రం పోతే పోయినట్టే. హీలియం ఖరీదు ఎక్కువ, ఒక్క చుక్క పోనివ్వరు.

హీలియం పేరు వినగానే నాకు రైలు ఎక్కి ఇంత దూరం వచ్చినట్టే అనిపించలేదు. ఎందుకంటే, ఆ పదార్థపు జాడ తెలిసిన కథలో మన గుంటూరుకు చోటున్నది. 2022లో పల్నాడు జిల్లా ఏర్పడేదాకా రొంపిచెర్ల కూడా గుంటూరు జిల్లాలోదే కదా!

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. దాన్ని చూడటానికి జాన్సెన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఓడలో బయలుదేరి వచ్చి గుంటూరులో మకాం పెట్టాడు. మద్రాసు వేధశాల నుంచి పోగ్సన్ మచిలీపట్నం వచ్చాడు. చంద్రుడు సూర్యుణ్ణి పూర్తిగా కప్పినప్పుడు, అంచున ఎగిసే ఎర్రని జ్వాలల కాంతిని వారు పట్టకంతో విడదీసి చూచారు. మెరిసే గీతలు కనిపించాయి. ఆ గ్రహణంలో కనిపించిన గీతలలో ఒకటి పసుపుపచ్చనిది. మీరు పొయ్యి మంటలో చిటికెడు ఉప్పు వేస్తే మంట పచ్చగా మారుతుంది (అమ్మను దగ్గర ఉంచుకుని చెయ్యండి!). అది ఉప్పులోని సోడియం రంగు. సూర్యుడిలోని గీత దానికి చాలా దగ్గర, కాని అదే చోట లేదు. అదే ఏడు అక్టోబరులో ఇంగ్లండులో లాకియర్ ఈ గీతను శ్రద్ధగా చూచి, ఇది భూమి మీద మనకు తెలిసిన ఏ పదార్థానిదీ కాదని తేల్చాడు. గ్రీకు భాషలో సూర్యుడి పేరు హీలియోస్. అందుచేత కొత్త పదార్థం హీలియం అయింది. 1895లో రామ్సే అనే ఆయన దాన్ని భూమి మీది ఒక ఖనిజంలో పట్టేదాకా చాలామంది నమ్మనేలేదు. 1908లో హాలండులో కామర్లింగ్ ఆన్స్ దాన్ని ద్రవంగా మార్చాడు. సూర్యుడి మంటలో జాడ తెలిసిన పదార్థం అలా చలికి పనిముట్టు అయింది.

ఇక ఆ అడుగు పళ్ళెం మీద ఏమున్నది? చిటికెనవేలి గోరంత బిళ్ళ. దాని మీద అల్యూమినియంతో గీసిన సన్నని గీతలు. బడిలో మధ్యాహ్న భోజనం వండే గిన్నెల లోహమే! ఒకచోట రెండు అల్యూమినియం పొరల మధ్య సన్నని తుప్పు పొర పెడతారు. కాగితం మందాన్ని యాభై వేల పొరలుగా చీలిస్తే అందులో ఒక పొర ఎంతో, అది అంతకు మించదు. ఇదే క్యూబిట్‌కు ఆయువుపట్టు.

మామూలు కంప్యూటరు లెక్కలన్నీ సున్నా, ఒకటి అనే రెండు గుర్తులతో నడుస్తాయి. దీపం మీట లాగా, వేసి అన్నా ఉండాలి, ఆర్పి అన్నా ఉండాలి. దాన్ని బిట్ అంటారు. మరి క్యూబిట్ ఏమిటి?

"ఎనిమిదో తరగతిలో మీరు మమ్మల్ని చెరువు గట్టుకు తీసుకుపోయి నీళ్ళలో రెండు రాళ్ళు వేయించారు, జ్ఞాపకమున్నదా?" అన్నాడు శిష్యుడు.

నిజం చెబుతున్నాను, నాకు జ్ఞాపకం లేదు. ఎన్ని తరగతులు, ఎన్ని రాళ్ళు! వాడికి మాత్రం నిన్న జరిగినట్టున్నది.

"రెండు రాళ్ళ అలలూ ఒకదానికొకటి ఎదురువచ్చాయి. కొన్నిచోట్ల రెండూ కలిసి పెద్ద అలలైనాయి. కొన్నిచోట్ల ఒకదాన్నొకటి మింగేశాయి, నీరు కదలలేదు. క్యూబిట్లలో సున్నా, ఒకటి అనే గుర్తులు అలలలాగా కలుస్తాయి. తప్పు జవాబుల అలలు ఒకదాన్నొకటి మింగెయ్యాలి. సరి అయిన జవాబు అల పెరగాలి. అలా నడిపించటమే మా విద్య."

"క్వాంటం కంప్యూటరు ఒకేసారి లక్ష లెక్కలు చేస్తుందని పేపర్లో చదివానే?"

"అది సగం మాట, మాస్టారూ. చివర కొలిచేటప్పుడు చేతికి వచ్చేది ఒకే ఒక జవాబు. అలలను సరిగా కలపటం తెలియకపోతే కళ్ళు మూసుకుని చీటీ తీసినట్టే. ఆ కలిపే పద్ధతి కొన్ని రకాల లెక్కలకే దొరికింది. పెద్ద సంఖ్యను కారణాంకాలుగా విడగొట్టే పద్ధతిని 1994లో షోర్ అనే ఆయన కనిపెట్టాడు. అన్ని లెక్కలకూ అటువంటిది లేదు."

ఈ జవాబు నాకు నచ్చింది. తన సరుకును తానే పొగుడుకోని వర్తకుడి మాటలాగా ఉన్నది.

మరి చలి ఎందుకు? వేడి అంటే కదలిక. గాలివానలో చెరువు మీద రాళ్ళ అలలు చూడగలమా? వేడి అంతా పోగొడితేనే క్యూబిట్ల అలలు నిలుస్తాయి. అంత చేసినా ఎంతసేపు నిలుస్తాయో తెలుసునా? రెప్పపాటు కాలాన్ని కొన్ని వేల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క! ఆ కాసేపట్లోనే లెక్క చేసి, కొలిచి, ముగించాలి. ఒకసారి చేస్తే చాలదు. వేలసార్లు చేసి, ఏ జవాబు ఎక్కువసార్లు వచ్చిందో చూస్తారు.

నేను నాలుగు రోజులు వాడి వెంట తిరిగాను. ఆ నాలుగు రోజులలోనూ ఒక్క క్యూబిట్ పనిచేయలేదు! మూడు వారాల క్రితం ఎక్కించిన బిళ్ళ సరిగా పలకటం లేదట. తీగెలో తప్పా? పంపే సంకేతంలో తప్పా? బిళ్ళలోనే తప్పా? చివరికి పళ్ళేల మధ్య ఎక్కడో ఒక మర వదులైందని అనుమానం. బిగించటం నిమిషం పని. కాని అక్కడికి చెయ్యి పోవాలంటే యంత్రమంతా మామూలు వేడికి రావాలి. తరువాత విప్పాలి, బిగించాలి, మూయాలి, గాలి తీయాలి, మళ్ళీ చల్లబరచాలి. ఇందుకు రోజులు పడతాయి. బిగించిన మర అసలు తప్పు కాకపోతే మళ్ళీ మొదటికి!

"ఏడాదిలో పన్నెండు నెలలుంటే, పది నెలలు తప్పు వెతకటమే నా ఉద్యోగం," అన్నాడు వాడు నవ్వుతూ. ఆ నవ్వులో కొంచెం అలసట కూడా ఉన్నది. వాడితో చదివిన కుర్రవాళ్ళు సాఫ్ట్‌వేరు ఉద్యోగాలలో ఇళ్ళు కొన్నారు. ఎం.ఎస్‌సి. తరువాత ఆరేళ్ళు వీడు డాక్టరేటుకే పెట్టాడు. ఇప్పటి జీతం తిండికి, అద్దెకు పోగా ఇంటికి పంపటానికి అంతగా మిగలదు. ఇవన్నీ నేను అడగకుండానే చెప్పాడు. నాన్నకు చెప్పమన్నాడు కూడా.

"ఎందుకురా ఇంత కష్టం?" అన్నాను.

"నాన్న చేలో వేసే యూరియా ఎలా తయారవుతుంది, మాస్టారూ? గాలిలోని నత్రజనిని పట్టటానికి ఫ్యాక్టరీలో నాలుగు వందల డిగ్రీలకు పైగా వేడి, గాలి ఒత్తిడికి నూరు రెట్లు మించిన ఒత్తిడి కావాలి. కంది వేళ్ళ బుడిపెల్లోని సూక్ష్మజీవి మామూలు మట్టిలో, ఏ కొలిమీ లేకుండా, అదే పని చేస్తున్నది. అది ఎలా చేస్తున్నదో పూర్తిగా లెక్క కట్టటం నేటి కంప్యూటర్లకు మోయలేని భారం. ఎందుకంటే పరమాణువులు నడిచేది క్వాంటం సూత్రాల మీద. ప్రకృతిని అనుకరించాలంటే యంత్రం కూడా ఆ సూత్రాల మీదే నడవాలని ఫైన్‌మన్ 1981లోనే అన్నాడు."

"మరి మీ యంత్రం ఆ లెక్క చేస్తుందా?"

"ఇప్పుడు చేయలేదు. దానికి తప్పులు సరిదిద్దుకునే క్యూబిట్లు ఎన్నో కావాలి. లక్షలు కావచ్చు. అమరావతిలో పెడతామని 2025 మే నెలలో ప్రకటించిన ఐ.బి.ఎం. యంత్రానికి 156. మన దేశం 2023లో క్వాంటం మిషన్ మొదలుపెట్టి, ఆరు వేల కోట్ల రూపాయల పైచిలుకు కేటాయించింది. ఎనిమిదేళ్ళలో యాభై నుంచి వెయ్యి క్యూబిట్ల యంత్రాలు చేయాలన్నది దాని గురి. యూరియా లెక్క దాకా పోవాలంటే నా వయసు సరిపోతుందో లేదో!"

ఆదివారం వాడు నన్ను టాటా ఇన్‌స్టిట్యూట్ చూపించటానికి తీసుకుపోయాడు. ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సును బెంగుళూరులో పాతవారు ఇప్పటికీ అలాగే పిలుస్తారు. క్వాంటం మిషన్‌లో కంప్యూటర్ల విభాగానికి అదే కేంద్రం. బూడిదరంగు రాతి భవనం, ముందు జంషెడ్జీ టాటా విగ్రహం, దారి పొడుగునా చెట్లు. ఆ సంస్థ 1909లో పుట్టింది. అదే ఏడు కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో సూరి భగవంతం పుట్టాడు. ఆయన కలకత్తా వెళ్ళి రామన్ దగ్గర చేరి, కాంతి కణానికి ఆత్మభ్రమణం ఉన్నదని 1931లో గురువుతో కలిసి ప్రయోగం చేసి చూపాడు. అదీ క్వాంటం విద్యే! తరువాత వాల్తేరులో పాఠాలు చెప్పాడు. 1957లో ఈ సంస్థకే డైరెక్టరై వచ్చాడు. నేను ఆ చెట్ల కింద కాసేపు కూర్చున్నాను. ఆగిరిపల్లిలో కూడా ఎవరో ఒకరు, ఈ కుర్రవాడు చదివేది ఎందుకు పనికి వస్తుందని అడిగే ఉంటారు.

తిరిగి రొంపిచెర్ల చేరేసరికి కళ్ళంలో ఇంకా మిరపకాయలు ఉన్నాయి. తల్లి, తండ్రి, అమ్మాయి ముగ్గురూ వాటిని తిరగవేస్తున్నారు.

తల్లి అడిగిన మొదటి మాట, "అంత చలిలో పిల్లవాడు స్వెట్టరన్నా వేసుకుంటున్నాడా?" అని. చలి పీపా లోపలే ఉంటుందనీ, గదిలో పంకా తిరుగుతున్నదనీ చెప్పాక ఆమె ఊపిరి పీల్చుకున్నది.

తండ్రికి చూచింది చూచినట్టు చెప్పాను. క్యూబిట్ ఒక్కటీ పనిచేయని నాలుగు రోజుల సంగతి చెప్పాను. జీతం చెప్పాను. 2025లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన ముగ్గురి సంగతి కూడా చెప్పాను. క్లార్క్, డెవొరే, మార్టినిస్ అనేవారు చేతితో పట్టుకోదగిన విద్యుత్ వలయంలో క్వాంటం లక్షణాలు చూపించింది 1984, 1985లలో. బహుమతి వచ్చింది నలభై ఏళ్ళకు.

"ఆ నలభై ఏళ్ళూ వాళ్ళు ఏం చేశారు?" అన్నాడు ఆయన.

"పనిచేశారు. పిల్లలకు నేర్పారు. మన వాడు వాడే పద్ధతులు అక్కడివే."

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఒక తాలుకాయ ఏరి అవతల పారేశాడు. "మర వదులై ఉంటుందన్నారే, బాగయిందా?" అని అడిగాడు చివరికి.

"మొన్న సాయంత్రం బిగించారట. మళ్ళీ చల్లబడుతున్నది. ఇంకా తెలియదు."

"అక్కడ ఆడపిల్లలు ఉన్నారా?"

"ఉన్నారు. మొన్న ఆ మర బిగించింది ఒక అమ్మాయే."

అమ్మాయి మిరపకాయలు తిరగవేయటం ఆపి నా వైపు చూచింది. తిరుపతిలో 2015లో వెలసిన విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థలో అయిదేళ్ళ చదువు సంగతి నేను ఎత్తేలోపల ఆమే చెప్పటం మొదలుపెట్టింది. ప్రవేశ పరీక్షకు ఏమేమి చదవాలో, పాత ప్రశ్నలు ఎక్కడ దొరుకుతాయో అన్నీ సేకరించి పెట్టుకున్నది.

పడమట మబ్బు పట్టింది. మిరప రైతుకు అంతకంటె చెడ్డ దృశ్యం ఉండదు. మాట ఆపి నలుగురమూ కాయలు కుప్ప చేసి, పట్టాలు కప్పి, అంచులకు రాళ్ళు పెట్టాం. నేను కూడా రెండు రాళ్ళు మోశాను. చివరి రాయి పెట్టి నడుము ఎత్తుతూ ఆయన, "దరఖాస్తుకు గడువు ఎప్పటిదాకానమ్మా?" అని అడిగాడు.